క్రాక్: చప్పుడుగా పుట్టి ర్యాంకుల దాకా వచ్చిన ఇంగ్లీషు క్రియ

క్లుప్తంగా: ‘క్రాక్’ మొదట ఒక చప్పుడు పేరు. ఆ చప్పుడు చేస్తూ పగిలే వస్తువుల మూలంగా పగులుకూ పేరైంది. పగిలితే లోపలిది బయటపడుతుంది కాబట్టి చిక్కు విప్పడానికీ అదే మాట చెల్లింది. ఒక వాక్యంలో ఉన్నది చప్పుడా, పగులా, ఛేదనా అన్నది తేల్చుకుంటే సరైన తెలుగు మాట దొరుకుతుంది. పరీక్షలకు వాడే ‘క్రాక్’ ప్రధానంగా మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిన వాడుక. అర్హతకూ ర్యాంకుకూ సీటుకూ ఉన్న తేడాను అది కప్పేస్తుంది.

ఒకే మాట, అయిదు చోట్ల అయిదు రకాలు

నీట్, జేఈఈ ఫలితాలు వచ్చిన వారంలో నెల్లూరు, కావలి, ఒంగోలు కూడళ్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. పరీక్షను ‘క్రాక్ చేసిన’ విద్యార్థుల ఫొటోలు వాటి నిండా ఉంటాయి. అదే వారం పత్రికలో అక్రమ రవాణాపై ‘క్రాక్‌డౌన్’ అని శీర్షిక కనిపిస్తుంది. చీమకుర్తిలో గ్రానైట్ బ్లాకుకు ‘క్రాక్’ ఉందంటే బేరం అక్కడే పడిపోతుంది. ఎక్స్‌రే చూసిన డాక్టరు ‘చిన్న క్రాకే’ అంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. వీధిలో ‘వాడొట్టి క్రాక్’ అంటే తిట్టు.

ఒకచోట మెప్పు, ఒకచోట నష్టం, ఒకచోట దండన, ఒకచోట ఊరట, ఒకచోట ఎగతాళి. ఇంగ్లీషు వాక్యాలు రాసుకునే పిల్లలూ, వార్తలు తెలుగు చేసే ఉపసంపాదకులూ ఇక్కడే తడబడతారు. నిఘంటువులో ‘పగులు, బీట’ అని చూసి అన్నిచోట్లా అదే పెడితే ‘పోలీసులు కేసును పగలగొట్టారు’ లాంటి వాక్యాలు పుడతాయి. ఈ అర్థాలు పైకి చెల్లాచెదురుగా కనిపించినా అన్నీ ఒక వరసలోనే వచ్చాయి.

చప్పుడు ముందు, పగులు తర్వాత

ప్రాచీన ఇంగ్లీషులో ఈ క్రియ రూపం ‘క్రాకియన్’. అర్థం గట్టిగా, తెగినట్టు మోగడం. జర్మన్‌లో ‘క్రాఖెన్’, డచ్చిలో ‘క్రాకెన్’ దీనికి చుట్టాలు, వాటిలోనూ మూలార్థం చప్పుడే. పగలడం అనే అర్థం 14వ శతాబ్దం నాటికి వచ్చి చేరింది. మనం పాఠాల్లో పగులును ముందు నేర్చుకుంటాం, చప్పుడును తర్వాత వింటాం. చరిత్రలో వరస దీనికి తలకిందులు.

చప్పుడు పేరు పగులుకు అంటడానికి భౌతికమైన కారణం ఉంది. రాయి, గాజు, ఎండిన కట్టె, పెంకు వంటి పెళుసు వస్తువులు వంగవు. ఒత్తిడి పెరిగేకొద్దీ శక్తిని లోపలే దాచుకుని, తట్టుకోలేని చోట ఒక్కసారిగా విడుస్తాయి. పగులు కొస క్షణంలో వెయ్యోవంతులో ముందుకు దూసుకుపోతుంది. విడుదలైన శక్తిలో కొంత కొత్త ఉపరితలాలను ఏర్పరుస్తుంది, కొంత వస్తువును కదిలించి గాలిలోకి చప్పుడుగా వస్తుంది. అందుకే ఆ చప్పుడు చిన్నదిగా, పదునుగా, వెంటనే ఆగిపోయేదిగా ఉంటుంది. తడి బంకమన్నును విరిస్తే ఈ చప్పుడు రాదు, అది సాగి తెగుతుంది.

మాట నిర్మాణం కూడా ఆ చప్పుడులాగే ఉంది. మొదటా చివరా ‘క్’, నడుమ పొట్టి అచ్చు. ఇంగ్లీషులో ‘క్ర’తో మొదలయ్యే చప్పుడు మాటల గుంపు ఒకటుంది. క్రాష్ అంటే కుప్పకూలిన చప్పుడు, క్రంచ్ అంటే కరకర నమిలిన చప్పుడు, క్రోక్ అంటే కప్ప బెకబెక, క్రీక్ అంటే తలుపు కిర్రుమనడం. ‘క్రాక్’కు చివర ‘ల్’ చేరిస్తే ‘క్రాకిల్’ అవుతుంది. అది ఒక్క దెబ్బ కాదు, వరసగా చిన్నచిన్న దెబ్బలు. తిరగమోతలో ఆవాలు చిటపటలాడినా, చలిమంటలో పుల్లలు పటపటలాడినా, పాత రేడియోలో గరగర వచ్చినా క్రాకిల్ అనే అంటారు. అమెరికాలో 1980ల్లో పాకిన ఒక రకం కొకెయిన్‌కు ‘క్రాక్’ అని పేరు రావడం కూడా వేడి చేసినప్పుడు వచ్చే ఈ చిటపటల వల్లనే.

తలుపు కిర్రుమనే ‘క్రీక్’కూ, నెల్లూరు తీరంలో రొయ్యల రైతులు చెరువులకు నీళ్లు తోడుకునే ‘క్రీకు’కూ పలుకుబడి ఒకటే కానీ ఇంగ్లీషు స్పెల్లింగు వేరు. చప్పుడు మాటలో ‘ఈ’ తర్వాత ‘ఏ’ అక్షరం ఉంటుంది, నీటిపాయలో రెండూ ‘ఈ’లే. ఇక ‘క్రాక్’లోని అచ్చు తెలుగు లిపిలో ఇమడదు. దీన్ని క్రాక్, క్ర్యాక్, క్రేక్ అని మూడు రకాలుగా రాయడానికి అదే కారణం. కోస్తా మాటల్లో ‘వచ్చాడు’ అనేటప్పుడు ‘చ్చ’ తర్వాత పలికే అచ్చును పొట్టిది చేస్తే దాదాపు అదే. ‘క్రేక్’ అని పలికితే మాత్రం ఇంగ్లీషులో అది ఒక నీటిపిట్ట పేరవుతుంది.

తెలుగు నడిచే దారి వేరు

తెలుగులో చప్పుడు మాటల సంపద పెద్దది. ద్రావిడ భాషలూ ఉత్తరాది భాషలూ కలిసి పంచుకునే లక్షణాల్లో ఈ అనుకరణ శబ్దాలు ఒకటని భాషావేత్త ఎమెనో 1969లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. పెళపెళ, చిటచిట, ఫెళఫెళ అని జంటగా వేస్తే చప్పుడు సాగుతున్నట్టు. ఫెళ్లుమని, ఛెళ్లుమని, పెటిల్లున అని ఒంటిగా వేస్తే ఒక్క దెబ్బ. క్రాకిల్, క్రాక్‌ల మధ్య ఇంగ్లీషు ఒక్క హల్లుతో చేసే తేడాను తెలుగు ఇలా జంటతో చేస్తుంది.

అసలు తేడా మరొకటుంది. తెలుగు చప్పుడును ఒక మాటకూ, పగలడాన్ని ఇంకో మాటకూ అప్పజెబుతుంది: ‘కొమ్మ ఫెళ్లున విరిగింది’. ఇంగ్లీషు రెంటినీ ఒకే క్రియలో మూటగడుతుంది. ‘ది బ్రాంచ్ క్రాక్డ్’ అన్నప్పుడు కొమ్మ ఫెళ్లుమని ఊరుకుందా, పగిలిందా అన్నది పక్క వాక్యం చెప్పాలి. తెలుగులోకి తెచ్చేవాళ్లు ఒకదాన్ని ఎంచుకోక తప్పదు.

రెండో చిక్కు కర్తది. తెలుగులో తనంతట తాను జరిగితే ‘పగిలింది’, ఎవరైనా చేస్తే ‘పగలగొట్టారు’. విరుగు–విరుచు, చీలు–చీల్చు కూడా ఇలాంటి జంటలే. ఇంగ్లీషు క్రాక్‌కు రెండు పనులకూ ఒకే రూపం. ‘ది గ్లాస్ క్రాక్డ్’ అంటే గ్లాసు పగిలింది, ‘షి క్రాక్డ్ ది గ్లాస్’ అంటే ఆమె చేతిలో పగిలింది. ‘ది గ్లాస్ ఈజ్ క్రాక్డ్’ అంటే పగిలి ఉంది. ఇక్కడ అది క్రియ కాదు, స్థితి. తనంతట పగిలిన దాన్ని కర్మణిలోకి మార్చి ‘ది గ్లాస్ వాజ్ క్రాక్డ్’ అని రాస్తే, ఎవరో పగలగొట్టారన్న అనుమానం చదివేవారికి వస్తుంది. ఫిర్యాదు పత్రాల్లో, బీమా కాగితాల్లో ఈ తేడా చిన్నది కాదు.

పగిలే వస్తువును బట్టి తెలుగు మాట మారుతుంది. గాజు, పెదవి చిట్లుతాయి. గోడ బీటవారుతుంది. ఎండిన నల్లరేగడి నెర్రెలిస్తుంది. మడమ పగులుతుంది. మెటికలు మాత్రం విరుస్తాం, అక్కడ ఎముక ఏమీ విరగదు, కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టినప్పుడు వచ్చే చప్పుడది. ఇంగ్లీషులో వీటన్నిటికీ క్రాక్ చాలు, ఒక్క పెదవులకు మాత్రం ‘చాప్డ్’ అనడమే ఎక్కువ.

ఇంగ్లీషులోనూ క్రాక్‌కు హద్దులున్నాయి. ముక్కలు విడిపోకుండా గీత పడితే క్రాక్. ముక్కలు వేరైతే బ్రేక్. సన్నగా పొడుగ్గా ఉన్నది వంచితే టక్కున రెండైతే స్నాప్. పొర వెంట, నార వెంట విడిపోతే స్ప్లిట్. మార్కాపురం పలకరాయిని పొరలుగా విడదీసే పని స్ప్లిట్, ఆ పలక కిందపడి గీత పడితే క్రాక్, రెండు ముక్కలైతే బ్రేక్. ఈ లెక్కకు లొంగనిది గోధుమ రవ్వ. పూర్తిగా ముక్కలైన దాన్నీ ఇంగ్లీషు ‘క్రాక్డ్ వీట్’ అనే అంటుంది.

రాయికి క్రాక్ ఉందంటే

ఈ మాటకు డబ్బు రూపంలో విలువ కట్టే చోటు చీమకుర్తి. బంగారు చుక్కల నల్లరాయి ‘బ్లాక్ గెలాక్సీ’ దొరికేది ఇక్కడే. వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ భూవిజ్ఞానం లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. రాయి పెద్ద బ్లాకుగా, పగుళ్లు లేకుండా వస్తేనే ధర. అందుకే ఇలాంటి క్వారీల్లో భారీ పేలుళ్లకు బదులు వజ్రపు పూసల వైర్‌సాతో కోస్తారు, లేదా వరసగా రంధ్రాలు వేసి మేకులతో విడదీస్తారు. మందుపాతర అదురుకు రాతి లోపల కంటికి కనబడని పగుళ్లు పుడతాయి, అవి పాలిష్ పట్టాక గానీ బయటపడవు.

పగులును కనిపెట్టడానికి ఇక్కడ మళ్లీ చప్పుడే ఆధారం. సుత్తితో తడితే గట్టి రాయి ఖంగుమంటుంది. పగులున్నది బొంగురుగా, డొల్లగా పలుకుతుంది. దెబ్బకు పుట్టిన కంపనం రాయంతా పాకి తిరిగి వస్తేనే ఖంగుమనే మోత. దారిలో పగులుంటే కంపనం అక్కడే చెదిరి, రాపిడిలో కరిగిపోతుంది. పలకగా కోశాక ఇంకో పరీక్ష ఉంది: నీళ్లతో తడిపి ఆరనివ్వడం. మిగతా రాయి ఆరినా పగులు పీల్చుకున్న నీరు ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి గీత నల్లగా నిలిచి కనిపిస్తుంది. 20 మిల్లీమీటర్ల పలకలో సన్న పగులుంటే ఎపాక్సీ రెజిన్‌తో నింపి, వెనక ఫైబర్ మెష్ అతికించి అమ్మడం ఉంది. అలా చేసినట్టు కొనేవారికి చెప్పాలి.

ఎగుమతి ఉత్తరాల్లో మాట ఎంపికకు ఇక్కడ బరువు ఎక్కువ. ఖనిజాల సరిహద్దు వెంట రాయి పుట్టుకతోనే వచ్చిన, గోటికి తగలని సన్నగీతను రాతి వ్యాపారంలో ‘ఫిషర్’ అంటారు. రంగు వేరుగా ఉన్న చార ‘వెయిన్’. తవ్వకంలోనో, కోతలోనో, రవాణాలోనో వచ్చినది ‘క్రాక్’. మొదటి రెండూ రాయి స్వభావం, మూడోది లోపం. మూడింటినీ క్రాక్ అని రాసిన తనిఖీ నివేదిక అమ్మేవాడిని ముంచుతుంది. మూడింటినీ ఫిషర్ అని రాసినది కొనేవాడిని ముంచుతుంది.

గింజ, గోడ, ఎముక

మొలగొలుకుల పేరు చెప్పుకునే నెల్లూరు సీమలో మిల్లర్లకు తెలిసిన క్రాక్ బియ్యపు గింజలోది. కోతకొచ్చిన వడ్లలో తేమ సుమారు 20 నుంచి 24 శాతం ఉంటుంది, మిల్లాడించడానికి దాన్ని 14 శాతం దగ్గరికి దించాలి. మండుటెండలో పలచగా పోసి హడావిడిగా ఎండబెట్టినా, బాగా ఎండిన వడ్లు రాత్రి మంచుకు మళ్లీ తడిసినా గింజకు అడ్డంగా పగులు వస్తుంది. మంచుకు తడిసినప్పుడు పైపొర తేమ పీల్చి ఉబ్బుతుంది, లోపలిది ఉబ్బదు, ఆ లాగుడుకు గింజ చిట్లుతుంది. ఊక లోపల ఉన్నంతసేపూ అది కనిపించదు. మరలో పడ్డాక నూకై బయటపడుతుంది. ఇంగ్లీషు నివేదికల్లో పగులున్న గింజ ‘క్రాక్డ్’ లేదా ‘ఫిషర్డ్’, నూక ‘బ్రోకెన్’. మొదటిది కారణం, రెండోది ఫలితం. ఉప్పుడు బియ్యంలో నూక తగ్గడానికి కారణం ఉడికించినప్పుడు పిండిపదార్థం మెత్తబడి ఈ పగుళ్లను అతికించడం.

ఇంటి గోడ విషయంలో ఇంజనీర్లు క్రాక్ అన్న ప్రతిదీ ప్రమాదం కాదు. కాంక్రీటులో పగులు వెడల్పు మామూలు పరిస్థితుల్లో 0.3 మిల్లీమీటర్లు దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఎప్పుడూ తేమ తగిలేచోట ఆ హద్దు 0.2. అంటే కొంత పగులు ఉంటుందనే లెక్క. తీరప్రాంతంలో ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును నెట్టడం వల్ల కమ్మీ వెంట వచ్చే బీట మాత్రం వేరు. దానికి పైన సిమెంటు పూత పూస్తే ఆగదు.

ఎముక దగ్గర అపార్థం ఎక్కువ. ‘ఫ్రాక్చర్ కాదు, క్రాకే’ అన్న మాట జిల్లా ఆసుపత్రి వరండాల్లో తరచూ వినిపిస్తుంది. వైద్యంలో ఆ తేడా లేదు. ఎముక చిట్లినా, విరిగినా, ముక్కలైనా అన్నీ ఫ్రాక్చర్లే. క్రాక్ అంటే ముక్కలు పక్కకు జరగని ఫ్రాక్చర్ అని మామూలు మాటల్లో చెప్పడం. వెంట్రుకంత సన్నగా ఉంటే ‘హెయిర్‌లైన్’ అంటారు. అలాంటిది మొదటి ఎక్స్‌రేలో పడకపోవచ్చు, నొప్పి తగ్గకపోతే 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీయిస్తారు. చీలిక అంచుల్లో ఎముక కరగడం, కొత్త ఎముక మొదలవడం వల్ల అప్పటికి గీత తేలుతుంది. క్రాకే కదా అని కట్టు విప్పేసి బరువు మోపితే జరగని ముక్క జరుగుతుంది.

పేల్చే కొమ్మ

చప్పుడు అర్థం చచ్చిపోలేదు. కొరడా ఛెళ్లుమనడం ఇంగ్లీషులో ‘క్రాక్’. ఆ చప్పుడు కొరడా దేనికీ తగలడం వల్ల రాదు. కొస వేగం గాలిలో శబ్దవేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను దాటినప్పుడు పుట్టే చిన్న పేలుడది. ‘క్రాక్ ది విప్’ అంటే అదిలించి పని చేయించడం. ‘కొరడా ఝుళిపించారు’ అని తెలుగు పత్రికలు రాసేదానికి ఇది బాగా దగ్గర. ‘క్రాక్‌డౌన్’ను తెలుగు చేయాల్సి వచ్చినప్పుడు ‘ఉక్కుపాదం మోపారు’, ‘కొరడా ఝుళిపించారు’ అనేవి సరిపోతాయి. మోటుగా క్రాక్‌డౌన్ అని లిపి మార్చి వదిలేయనక్కర్లేదు.

‘క్రాక్ ఎ జోక్’ కూడా ఈ కొమ్మదే. జోకును పగలగొట్టడం కాదు, ఠపీమని వదలడం. తెలుగు దీన్ని జోకు ‘పేల్చడం’ అంది. అరువు తెచ్చుకోకుండానే చప్పుడు క్రియ దగ్గరికి చేరింది. గట్టిగా మాట్లాడటం, గొప్పలు చెప్పుకోవడం అనే పాత అర్థం ఒకటుండేది. ‘ఇట్స్ నాట్ ఆల్ ఇట్స్ క్రాక్డ్ అప్ టు బి’ అనే నుడిలో మిగిలినది అదే: చెప్పుకున్నంత గొప్పగా లేదు, పేరు గొప్ప ఊరు దిబ్బ. స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్‌లలో క్రాక్ అంటే కబుర్లు. అది ఐర్లండ్‌కు వెళ్లి అక్కడి స్పెల్లింగు తొడుక్కుని సరదా కాలక్షేపానికి పేరైంది.

మనిషి మీదికి వచ్చినప్పుడు అర్థం రెండుగా చీలుతుంది. బీటవారిన కుండ పోలికతో ‘క్రాక్డ్’, ‘క్రాక్‌పాట్’, బ్రిటన్‌లో ‘క్రాకర్స్’ అంటే తిక్క. మన ‘క్రాక్ గాడు’ ఈ దారిన వచ్చినదే. కానీ 18వ శతాబ్దం చివర నుంచి ‘క్రాక్’ విశేషణంగా ‘ఆరితేరిన’ అనే అర్థంలో ఉంది. క్రాక్ షాట్ అంటే గురి తప్పనివాడు, క్రాక్ టీమ్ అంటే ఏరి కూర్చిన బృందం. పోలీసుల ‘క్రాక్ టీమ్’ను ఎవరైనా పిచ్చి బృందం అనుకుంటే తప్పు పూర్తిగా వాళ్లది కాదు.

‘క్రాక్ అప్’ ఇంకా జారుడు. పగలబడి నవ్వడమూ అదే, మనసు చెదిరి కుప్పకూలడమూ అదే. గొంతు ‘క్రాక్’ అయితే సందర్భాన్ని బట్టి జీరపోయింది, గద్గదమైంది, పూడుకుపోయింది. విచారణలో నిందితుడు ‘క్రాక్డ్’ అంటే నోరు విప్పాడు.

కేసు, పాస్‌వర్డ్, పరీక్ష

మూడో కొమ్మ, అంటే చిక్కు విప్పడం అనే అర్థం, మొలిచిన చోటు గట్టి పెంకున్న కాయ. పెంకు ఠప్పుమంటుంది, పగులుతుంది, లోపలి పప్పు చేతికొస్తుంది. మూడు అర్థాలూ ఒకే పనిలో ఉన్నాయి. కొరుకుడుపడని సమస్యను ఇంగ్లీషు ‘ఎ హార్డ్ నట్ టు క్రాక్’ అనడం, ఆపై ఇనప్పెట్టెను, రహస్య లిపిని, నేరాన్ని క్రాక్ చేయడం ఈ వరసలోనివే. పోలీసు వార్తల్లో తెలుగు ‘ఛేదించారు’ అంటుంది. సంస్కృతంలో ఆ ధాతువుకు నరకడం, చీల్చడం అనే అర్థం కాబట్టి రెండు భాషలూ ఒకే ఊహను వేరువేరుగా అందుకున్నాయి.

పాస్‌వర్డ్‌ను క్రాక్ చేయడమంటే సాధారణంగా ఒక్కో అవకాశాన్నీ యంత్రంతో ప్రయత్నించి చూడటం. నాలుగంకెల పిన్‌కు 10 వేల అవకాశాలు, ఆరంకెలకు 10 లక్షలు, ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలకు సుమారు 20,880 కోట్లు. పొడవు పెంచితే భద్రత ఎందుకు పెరుగుతుందో ఈ లెక్కలోనే ఉంది. కంప్యూటర్ నిపుణులు 1980ల మధ్యలో, చెడ్డపని చేసేవాళ్లను హ్యాకర్లనకుండా ‘క్రాకర్లు’ అనాలని ప్రయత్నించారు. పత్రికలు వినలేదు. డీటీపీ సెంటర్లలో వినిపించే ‘క్రాక్ వెర్షన్’ అంటే లైసెన్సు తనిఖీని తొలగించిన సాఫ్ట్‌వేర్. తనిఖీని తీసేసినవాడు ఇంకేమి చేర్చాడో వాడుకునేవాడికి తెలిసే దారి లేదు.

ఇక పరీక్షలు. ‘క్రాక్ ది ఎగ్జామ్’ భారతీయ ఇంగ్లీషులో బాగా వేళ్లూనింది. బ్రిటన్, అమెరికాల్లో పాస్, గెట్ ఇన్, ఏస్ అనడం మామూలు. అక్కడి విశ్వవిద్యాలయానికి రాసే దరఖాస్తులో ‘ఐ క్రాక్డ్ ది ఎంట్రన్స్’ అని ఉంటే, ప్రశ్నపత్రం రహస్యాన్ని ఛేదించారా అన్న ఛాయ తగలవచ్చు. ఎన్ని లక్షల మందిలో ఎన్నో ర్యాంకో అంకెల్లో రాయడం అన్ని విధాలా మేలు. ఇక్కడి వాడుక తప్పనలేం. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ అయినచోట పరీక్ష గట్టి పెంకులా కనిపించడం సహజం. తెలుగు అప్పటికే ‘ర్యాంకు కొట్టాడు’, ‘సీటు కొట్టింది’ అని దెబ్బ ఉన్న క్రియనే వాడుతోంది.

చిక్కు భాషలో కన్నా ప్రకటనల్లో ఉంది. నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. జనరల్ విభాగానికి అర్హత 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విభాగాలకు 40వది. అర్హులందరికీ సీట్లు ఉండవు. జేఈఈ మెయిన్ నుంచి అడ్వాన్స్‌డ్‌కు వెళ్లగలిగేది మొదటి 2.5 లక్షల మంది, ఐఐటీ సీట్లు అందులో కొద్ది వంతు. సివిల్స్‌లో ప్రిలిమ్స్ మార్కులు తుది లెక్కలోకి రావు. మెయిన్స్ 1750, ఇంటర్వ్యూ 275 కలిపి 2025 మార్కుల మీదే ఎంపిక. ‘క్రాక్ చేశారు’ అనే మాట ఇందులో ఏ మెట్టుకైనా సరిపోతుంది. ఫ్లెక్సీ మీద వంద ఫొటోలు చూసిన తండ్రి అవన్నీ సీట్లే అనుకునే వీలుంది. అడగాల్సినవి మూడు: అర్హతా, ఎన్నో ర్యాంకు, ఏ కాలేజీలో ఏ కోటా కింద చేరారు. వార్త రాసేవాళ్లకూ ఇదే కొలత. ‘ఉత్తీర్ణులయ్యారు’, ‘అర్హత సాధించారు’, ‘సీటు సాధించారు’, ‘ఎంపికయ్యారు’ అని తెలుగులో నాలుగు స్పష్టమైన మాటలుండగా క్రాక్ అనడం వల్ల పోయేది స్పష్టతే.

రాతలో దొర్లే పొరపాట్లు

‘క్రాక్‌డౌన్’ నామవాచకం, ఒకే మాటగా రాయాలి. క్రియగా వాడితే రెండు మాటలు, దేని మీదో చెప్పేటప్పుడు వెనక ‘ఆన్’ తప్పనిసరి: ‘ది పోలీస్ క్రాక్డ్ డౌన్ ఆన్ శాండ్ మాఫియా’. ‘క్రాక్‌డౌన్డ్’ అనే రూపం లేదు. ‘క్రాక్’ తర్వాత ‘ఇన్‌టు’ చేర్చి ‘క్రాక్ ఇన్‌టు ఐఐటీ’ అనడం కూడా కుదరదు. పరీక్షను క్రాక్ చేస్తారు, సంస్థలోకి ‘గెట్ ఇన్‌టు’. ‘హ్యావ్ ఎ క్రాక్ ఎట్ ఇట్’ అంటే ఛేదించడం కాదు, ఒక ప్రయత్నం చేసి చూడటం. ‘గెట్ క్రాకింగ్’ అంటే త్వరగా పని మొదలుపెట్టమని. బ్రిటన్‌లో ‘ఎ క్రాకింగ్ మ్యాచ్’ అంటే అదిరిపోయిన ఆట.

దీపావళికి మనం ‘క్రాకర్స్’ అనేవాటిని అమెరికాలో ‘ఫైర్‌క్రాకర్స్’ అనాలి. ఒట్టి ‘క్రాకర్స్’ అంటే అక్కడ కరకరలాడే ఉప్పు బిస్కెట్లు, ఒక మనిషిని పట్టుకుని ఆ మాట అంటే కొన్నిచోట్ల జాతిపరమైన తిట్టు. ఇంకోటి, ఉద్యోగాలకూ చదువులకూ అక్కడికి వెళ్లినవాళ్లు కొత్తలో తెల్లబోయేది: ‘క్రాక్ ది విండో’. కిటికీని పగలగొట్టమని కాదు, గాలికి కొంచెం ఓరగా తెరవమని.